గ్రౌండ్‌ను కోయకండి: ఏడీసీ బోర్డు లేఅవుట్‌పై ప్రసంగం

సభకు నమస్కారం.

ఉప్పల్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ నమోదు చేసే భూకంప తరంగమైనా, రక్షణ ప్రయోగశాలల్లో పట్టే రాడార్ సంకేతమైనా, అంకెల రూపంలోకి మారేది ఏడీసీ (అనలాగ్ సంకేతాన్ని డిజిటల్ అంకెలుగా మార్చే చిప్) దగ్గరే. ఖరీదైన ఏడీసీని తెప్పించి, డేటాషీట్‌లో చెప్పిన పనితీరు బోర్డు మీద కనబడకపోయేసరికి చిప్‌నే అనుమానించడం మన లాబుల్లో పరిపాటి. నేను మాత్రం ముందు బోర్డు మీద కరెంటు నడిచే రాగి దారులను అనుమానిస్తాను. వెళ్లిన ప్రతి కరెంటూ తిరిగి రావాలి. ఆ తిరుగుదారిని మనం నిర్ణయించకపోతే అదే వెతుక్కుంటుంది.

5 వోల్టుల పరిధిని 16 బిట్లతో కొలిచినప్పుడు ఒక్కో మెట్టు సుమారు 76 మైక్రోవోల్టులు. మామూలు బోర్డు మీద 35 మైక్రాన్ల మందపు రాగిలో, పావు మిల్లీమీటరు వెడల్పుతో 5 సెంటీమీటర్ల పొడవు సాగే ట్రాక్‌కు దాదాపు 0.1 ఓమ్ నిరోధం ఉంటుంది. అందులో ఒక్క మిల్లీఆంపియర్ ప్రవహిస్తే చాలు, 100 మైక్రోవోల్టులు పడిపోతాయి, అంటే ఒక మెట్టు కంటే ఎక్కువే.

ఇక డిజిటల్ వైపు చూడండి. 10 పికోఫారడ్ల లోడు ఉన్న ఔట్‌పుట్ పిన్ నానోసెకనుకు ఒక వోల్టు చొప్పున మారితే ఆ క్షణంలో 10 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 16 పిన్నులూ ఒకేసారి మారితే 160. అందుకే ఔట్‌పుట్ ట్రాకులను పొట్టిగా ఉంచి, ఒక్కోదానికీ చిన్న సిరీస్ రెసిస్టర్ పెట్టి, అవసరమైతే పక్కనే ఒక బఫర్‌తో డేటా బస్‌ను వేరు చేస్తారు.

ఈ కరెంట్లకు భయపడి చాలామంది గ్రౌండ్ ప్లేన్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే రాగి పొరను, అనలాగ్, డిజిటల్ అని రెండు ముక్కలుగా కోస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో తిరుగు కరెంటు నిరోధం తక్కువగా ఉన్న దారి పడుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఇండక్టెన్స్ తక్కువగా ఉన్న దారి, అంటే సరిగ్గా ట్రాక్ కిందుగా, పడుతుంది. ఆ కింద కోత ఉంటే, నాలాకు అడ్డం కట్టినప్పుడు వాననీరు కాలనీల్లోకి మళ్లినట్టు, కరెంటు కోత చుట్టూ తిరిగి పెద్ద లూప్ గీస్తుంది. ఆ లూప్ యాంటెన్నా అయి కూర్చుంటుంది. చాలా బోర్డులకు కోత లేని ఒకే ప్లేన్ పరిచి, అనలాగ్ భాగాలను ఒక పక్క, డిజిటల్ భాగాలను మరో పక్క, ఏడీసీని సరిహద్దులో అమర్చి, ఏ ట్రాకూ అవతలి ప్రాంతంలోకి చొరబడకుండా చూడటమే మేలు.

ఏజీఎన్‌డీ (అనలాగ్ గ్రౌండ్), డీజీఎన్‌డీ (డిజిటల్ గ్రౌండ్) అనే పిన్ పేర్లు చూసి కంగారు పడకండి. అవి చిప్ లోపల ఏ భాగానికి ఏ పిన్ చెందుతుందో చెబుతాయి గానీ, బయట వాటిని ఎక్కడ కలపాలో చెప్పవు. సాధారణంగా రెండింటినీ చిప్ కిందే అనలాగ్ గ్రౌండ్‌కు (ఒకే ప్లేన్ ఉంటే దానికే) అతి దగ్గరగా కలపాలి.

చిప్‌కు క్షణంలో కావలసిన కరెంటును దగ్గరి నుంచే అందించే డీకప్లింగ్ కెపాసిటర్ పవర్ పిన్‌ను ఆనుకుని ఉండాలి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 0.1 మైక్రోఫారడ్‌దైనా పిన్ పక్కన ఉంటే, దూరాన ఉన్న పేరున్న కంపెనీదాని కంటే నయం. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో మాత్రం ఈ ఉదారత పనికిరాదు, అక్కడ సీ0జీ రకం సిరామిక్ కెపాసిటరే వాడాలి. ఎక్స్7ఆర్ రకంలో కెపాసిటెన్స్ వోల్టేజీని బట్టి మారిపోయి సంకేతాన్ని వంకర చేస్తుంది.

ఏ క్షణంలో శాంపిల్ తీయాలో చెప్పే క్లాక్‌ను డిజిటల్ తీగగా చూడటం మన పాత అలవాటు, నిజానికి దాన్ని అత్యంత సున్నితమైన అనలాగ్ సంకేతంగా చూడాలి. 100 మెగాహెర్ట్జ్ ఇన్‌పుట్‌ను ఒక్క పికోసెకను జిట్టర్ (సమయంలో తడబాటు) ఉన్న క్లాక్‌తో శాంపిల్ చేస్తే, చిప్ ఎన్ని బిట్లదైనా, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 64 డెసిబెళ్లు దాటదు, అంటే పదిన్నర బిట్లకు లోపే. కనుక క్లాక్‌ను ఎఫ్‌పీజీఏ (ప్రోగ్రామ్ చేయగల డిజిటల్ చిప్) గుండా తిప్పి తీసుకురాకండి, డేటా ట్రాకుల పక్కన నడపకండి.

బోర్డు చేతికొచ్చాక మొదట చేయవలసిన పరీక్ష సులభమే. ఇన్‌పుట్‌ను స్థిరమైన వోల్టేజీ దగ్గర ఉంచి, కొన్ని వేల శాంపిళ్లు తీసుకుని, ఏ కోడ్ (ఏడీసీ ఇచ్చే అంకె) ఎన్నిసార్లు వచ్చిందో గ్రాఫ్ గీయండి. ఒకే శిఖరంతో గంట ఆకారం వస్తే అది చిప్, ఇన్‌పుట్ సర్క్యూట్‌ల సహజమైన నాయిస్. శిఖరాలు రెండు మూడు కనబడితే కొత్త చిప్ ఆర్డర్ చేసే ముందు లేఅవుట్ ఫైలు తెరిచి, ఏడీసీ కింద గ్రౌండ్ ఎక్కడ తెగిందో, ఏ కెపాసిటర్ పిన్‌కు దూరమైందో వెతకండి.