సమ్మరీ అంటే వాక్యాలు కత్తిరించడం కాదు

సమ్మరీ రాయమంటే చాలామంది చేసే పని ఒకటే. పేరాలోంచి నాలుగు వాక్యాలు ఏరి, మధ్యలో కొన్ని మాటలు కొట్టేసి, వరసగా పేర్చేస్తారు. సైజు తగ్గింది కదా, అయిపోయిందనుకుంటారు. ఇది చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆన్ బ్రౌన్, జీన్ డే అనే పరిశోధకులు 1983లోనే దీని గురించి రాశారు. కాపీ కొట్టు, కొన్ని కొట్టేయ్. అదీ చాలామంది పద్ధతి.

ఒక పేరా చూద్దాం.

[స్క్రీన్ మీద పేరా]

"1840లలో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకటి డాక్టర్లది, రెండోది మంత్రసానులది. డాక్టర్ల వార్డులోనే బాలింత జ్వరంతో ఎక్కువమంది చనిపోయేవారు. గాలి మంచిది కాదన్నారు. ఇరుకన్నారు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి గంట మోగిస్తూ వెళ్లే ఫాదర్‌ని చూసి భయంతో పోతున్నారన్నారు. అక్కడి డాక్టర్ సెమ్మెల్‌వైస్ ఒక్కొక్కటీ పరిశీలించి పక్కన పెట్టాడు. 1847లో ఆయన స్నేహితుడు కొలెచ్కా, శవపరీక్షలో కత్తి గాటు పడి, అవే లక్షణాలతో చనిపోయాడు. డాక్టర్లు శవపరీక్ష చేసి, నేరుగా కాన్పులకు వచ్చేవారు. మే నెలలో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18.3 శాతం ఉన్న మరణాలు జూన్‌కి 2.2 శాతానికి తగ్గాయి. అయినా చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు."

కత్తెర సమ్మరీ ఇలా ఉంటుంది: "వియన్నాలో రెండు వార్డులుండేవి. సెమ్మెల్‌వైస్ స్నేహితుడు చనిపోయాడు. ఆయన చేతులు కడగమన్నాడు. మరణాలు తగ్గాయి." ఒక్క తప్పూ లేదు. కానీ స్నేహితుడు పోతే చేతులు కడగడమేంటి? 'అందుకే' అనే ముక్క మాయమైంది. పేరా మొత్తం నిలబడిందే దాని మీద!

కాబట్టి "ఇది దేని గురించి?" అని కాదు, "ఇది ఏం చెబుతోంది?" అని అడగండి. దేని గురించంటే చేతులు కడగడం గురించి. ఏం చెబుతోందంటే, జ్వరాన్ని మోసుకొస్తున్నవి డాక్టర్ల చేతులే అని. ఈ వాక్యం పేరాలో ఎక్కడా లేదు, వెతుక్కోండి. మీరే తయారుచేసుకోవాలి. అసలు కష్టమంతా ఇక్కడే.

ఇప్పుడు ఏది ఉంచాలో తేలిగ్గా తెలుస్తుంది. గాలి, ఇరుకు, ఫాదర్ మూడూ కలిపి "అప్పటి వివరణలేవీ నిలబడలేదు" అంటే చాలు. ఫాదర్ గంట తీసేయడానికి మనసొప్పదు, నాకూ ఒప్పదు. తీసేయాల్సిందే. కొలెచ్కా పేరు అక్కర్లేదు, ఆయన చావు కావాలి. ఆ రెండు శాతాలూ ఉండాలి, ఎందుకంటే అవి సాక్ష్యం.

[స్క్రీన్ మీద]

"బాలింత జ్వరానికి చెప్పిన కారణాలేవీ నిలబడకపోగా, శవపరీక్షలో గాయపడిన స్నేహితుడు అవే లక్షణాలతో చనిపోవడంతో, డాక్టర్ల చేతులే జ్వరాన్ని మోస్తున్నాయని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. 1847లో చేతులు కడిగించాక మరణాలు 18.3 నుంచి 2.2 శాతానికి తగ్గాయి. అయినా చాలామంది డాక్టర్లు నమ్మలేదు."

ఒక మెలిక ఉంది. మీ అసైన్‌మెంట్ "శాస్త్రవేత్తలు కారణాలను ఎలా వడపోస్తారు" అన్నదైతే, ఫాదర్ గంట మళ్లీ లోపలికొస్తుంది. అవసరాన్ని బట్టి సమ్మరీ మారుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. పుస్తకం మూసి రాయండి, తర్వాత తెరిచి పేర్లు, అంకెలు సరిచూసుకోండి. మీ అభిప్రాయం కలపకండి. పెద్ద చాప్టరైతే ఒక్కో హెడింగ్‌కి ఒక్కో వాక్యం రాసి, ఆ వాక్యాలన్నిటినీ ఒక పేరాలా చూసి మళ్లీ సమ్మరీ చేయండి. ఏఐతో రాయిస్తే పేజీ వస్తుంది, ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న ఆలోచన మాత్రం మీది కాదు.

పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. డన్‌లోస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2013లో పది చదువు పద్ధతుల్ని బేరీజు వేసింది. హైలైటర్‌కి తక్కువ మార్కులే పడ్డాయి. సమ్మరీకీ అంతే! సరిగా రాయడం రానివాళ్లకి పెద్దగా పనికిరాదన్నది ఒక కారణం. పై మార్కులు తమను తాము పరీక్షించుకునే పద్ధతికి పడ్డాయి. అందుకే సమ్మరీ రాశాక దాన్ని ప్రశ్నలుగా మార్చి, రెండు రోజుల తర్వాత చూడకుండా జవాబులు రాయండి.