కాలు వాస్తే ఇన్ఫెక్షనేనా?

మొన్న అరండల్‌పేటలో మెట్లు దిగుతూ మా బాబాయి కాలు బెణికింది. తోలు కూడా లేవలేదు. సాయంత్రానికి చీలమండ బూరెలా పొంగింది. "ఇన్ఫెక్షన్ పట్టిందిరా, యాంటీబయాటిక్ తెచ్చుకుంటా" అని కుంటుకుంటూ మెడికల్ షాపుకి బయల్దేరాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుందండీ. సూక్ష్మజీవి ఒక్కటీ లేకపోయినా వాపు వస్తుంది.

ఎలాగంటే, సీజన్లో మన గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లారనుకోండి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కుట్టినవి కుట్టినట్టున్నంతసేపు ఘాటుందిలే అనుకుంటూ నడిచిపోతాం. ఒక్క టిక్కీ చిట్లి కాయలు కాళ్లకింద నలిగాయా, చుట్టూ ఉన్న పదిమందీ దగ్గడమే. దొంగా రాలేదు, ఎవరూ కేకా వెయ్యలేదు. లోపలుండాల్సింది బయటపడింది. ఆ ఘాటే కబురు.

మన కణమూ టిక్కీయే. అది చిట్లితే లోపల శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం, హెచ్‌ఎంజీబీ1 అనే ప్రొటీను బయటికొస్తాయి. పక్కనే కాపలా కాసే మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు ఆ ఘాటు పసిగడతాయి. మాస్ట్ కణం హిస్టమిన్ అనే రసాయనం వదలగానే సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల్లో సందులు తెరుచుకుంటాయి. రక్తం ఎక్కువొచ్చింది కాబట్టి ఎరుపు, వేడి. నీరు ఊరింది కాబట్టి వాపు. బాబాయి చీలమండని వేలితో నొక్కితే గుంటపడి, మెల్లగా పూడింది. ఆ నీరే అది.

ఇక నొప్పి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. గాయం దగ్గర పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్ అనే రసాయనాలు కలిసి నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఇట్టే తెరుచుకునేలా చేస్తాయి. మామూలుగా అది సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. ఇంకా దేనికి? మిరపకారానికి! 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దాన్ని పట్టుకున్నదే మిరపకి కారాన్నిచ్చే కాప్సైసిన్ సాయంతో. 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. పోలిక కోసం తెచ్చిన మన మిర్చి నిజంగానే నరం దాకా వచ్చేసింది చూడండి! ఎర్రబడ్డ చోట వెచ్చటి నీళ్లు పోసినా చుర్రుమనేది ఇందుకే.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తా. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఘాటు ఎటుంటే అటు నాళాల్లోంచి దూరి వస్తాయి. తర్వాత మోనోసైట్లు అనే మరోరకం తెల్లరక్తకణాలు వచ్చి, మాక్రోఫేజ్‌లుగా మారి, ఒలికిన కాయలు ఊడ్చేసి, టిక్కీ మళ్లీ కుట్టే పని మొదలుపెడతాయి. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని. ఇక్కడ బాక్టీరియా ఏదీ? తోలు తెగి, ఎరుపు పాకుతూ, చీము గానీ జ్వరం గానీ ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కాలు మోపలేకపోయినా అంతే, ఎక్స్‌రే తీయించాలి.

బాబాయికి ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాం. నాలుగో రోజుకి చెప్పు పట్టింది.