గిటార్ పిల్ల సింథసైజర్ ఎందుకు పట్టింది?

(స్క్రీన్ మీద: ఊరి జాతర, స్టేజీ మీద కీబోర్డు, ప్యాడ్లు)

నమస్తే అండీ, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. మన పల్లెల్లో చెక్కభజనలోకి కీబోర్డు వచ్చిందంటే చాలు, "ఇంకేం జానపదం లేప్పా ఇది!" అంటారు పెద్దోళ్లు. కెనడాలో పుట్టిన గాయని జోనీ మిచెల్ కూడా 1985లో ఇలాంటి మాటలే పడింది.

తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ చెయ్యి బలహీనపడింది. దాంతో గిటార్ తీగల శ్రుతినే తనకు వీలుగా మార్చుకుంది. 1971 నాటి 'బ్లూ' ఆల్బమ్‌లో ఆ గిటార్, పియానో, డల్సిమర్ అనే తీగల వాద్యం, ఆమె గొంతు... దాదాపు అంతే. సొంత ప్రేమలు, సొంత దిగుళ్లు. తర్వాత కొన్నాళ్లు జాజ్ వైపు వెళ్లింది.

(స్క్రీన్ మీద: ఫెయిర్‌లైట్ ఫొటో)

1985లో 'డాగ్ ఈట్ డాగ్' ఆల్బమ్ వచ్చింది. అందులో ఈ ఫెయిర్‌లైట్ వాడారు. ఆస్ట్రేలియాలో తయారైన కంప్యూటర్ సింథసైజర్ ఇది, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యం. ఏ శబ్దాన్నైనా ఎక్కించి, కీబోర్డు మీద కావలసిన స్వరంలో వాయించుకోవచ్చు. సిగరెట్లమ్మే మిషన్ చప్పుడునే ఒక పాటకు తాళం చేసేసింది జోనీ. (ఆమె తాగే సిగరెట్లకు ఆ మిషన్ బాగా తెలిసినదే అయ్యుంటుంది!) దీన్ని నడపడానికి వచ్చిన ఇంగ్లండ్ సంగీతకారుడు థామస్ డాల్బీకి, ఆమెకు అంతగా పొసగలేదు. అతను తొందరగా, బాగా చేయగలడేమో గానీ, అప్పుడది తన సంగీతం కాదన్నది ఆమె వాదన.

పాటల్లో సంగతీ మారింది. అది అమెరికా అధ్యక్షుడిగా రీగన్ ఉన్న కాలం. టీవీలో దేవుడి పేరు చెప్పి డబ్బు పోగేసే ప్రచారకుల మీద 'ట్యాక్స్ ఫ్రీ' రాసింది. అందులో ప్రసంగించే గొంతు నటుడు రాడ్ స్టైగర్‌ది.

నాకు మాత్రం అన్నిటికన్నా గుచ్చుకునేది 'ఇథియోపియా'. 1984-85 కరువు మీద రాసిన, నెమ్మదిగా సాగే పాట. పోయిన ప్రాణాల మీద ఏడుపుతో ఆగదు. బాధితుల మధ్య నవ్వుతూ తిరిగి, వాళ్ల బిడ్డను ఒక వస్తువులా "అది" అనే టీవీ తారను నిలదీస్తుంది. ఎండిన వేరుశనగ చేలోకి కెమెరాలు రావడం, రైతును "ఇంకోసారి ఆ చెట్టు పీకి చూపించు" అనడం మన జిల్లాకు కొత్తా? ఈ పాటలో ఆమె కోపం ఎవరి మీదో మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆల్బమ్ అమెరికా చార్టులో 63 దగ్గర ఆగింది. పాత అభిమానులు గిటార్ కోసం వెతుక్కున్నారు. నిజం చెప్పాలంటే కొన్ని పాటల్లో డ్రమ్ముల మోత నాకూ ఎక్కువే. కానీ టీవీ హోరును తిట్టే పాటకు ఒంటి గిటార్ చాలేదా? నాకైతే అనుమానమే. ముందు 'ఇథియోపియా' వినండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.