షియాన్‌లో ఒక్కరోజు: కోట గోడ మీద సైకిల్, గిన్నెలో రొట్టె తునకలు

నమస్తే అండి. చైనాలోని షియాన్ నగరంలో ఒక్కరోజు ఎలా తిరగాలి, ఎక్కడ ఏం తినాలి, ఇదే ఇవాళ్టి వీడియో. పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటేసుకుని వెళ్లేవాళ్ల కోసం ఈ ప్లాన్. మేం అయిదుగురం వెళ్లాం. మా వారు, నేను, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మా అత్తయ్య. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. టికెట్లు బుక్ చేసిన రోజు నుంచీ నా టెన్షన్ అంతా ఆవిడ తిండి గురించే.

ముందే ఒక మాట చెప్తాను. షియాన్ అనగానే అందరూ మట్టి సైనికుల బొమ్మల దగ్గరికి పరిగెడతారు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ సైన్యం అది. చూడాల్సిందే, కాదనను. కానీ అది ఊరికి తూర్పున దాదాపు 40 కిలోమీటర్ల దూరం. రానూపోనూ, క్యూలు, నడక అన్నీ కలిపితే సగం రోజు పైనే పోతుంది. మిగిలిన పూటలో ఊరు చూద్దామంటే పిల్లలు ఎక్కడికక్కడ కూలబడతారు. దానికి ఇంకో రోజు పెట్టుకోండి. ఈ రోజంతా ఊళ్లోనే.

బయల్దేరక ముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పని ఒకటుంది. అక్కడ చిన్న బండి మీద కొనే తినుబండారానికి కూడా అందరూ ఫోన్‌తోనే కడతారు. అలీపే గానీ వీచాట్ గానీ, ఏదో ఒక యాప్ వేసుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, మీ వీసా కార్డో మాస్టర్ కార్డో కలిపేయండి. మేం ఒక కార్డు మాత్రమే కలిపి, రెండోది అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకున్నాం. కోట టికెట్ కౌంటర్ ముందు నిలబడగానే మొదటిది పనిచేయలేదు. రెండోది కలుపుదామంటే బ్యాంకు ఓటీపీ పంపింది. ఎక్కడికి? హైదరాబాద్‌లో, మా బీరువాలో ఉన్న సిమ్‌కి! వెనక క్యూ పెరిగిపోతోంది. మా వారి పర్సులో యువాన్ నోట్లు ఉన్నాయి కాబట్టి గండం గట్టెక్కింది. అందుకే కాస్త నగదు కూడా ఉంచుకోండి, అదీ చెల్లుతుంది. పాస్‌పోర్టులు అందరివీ దగ్గరుండాలి. హోటల్ వైఫైలో గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే పనిచేస్తాయి.

సరే, పొద్దున్నే మెట్రో రెండో లైన్ ఎక్కి యోంగ్‌నింగ్‌మెన్ స్టేషన్‌లో దిగండి. బయటికి రాగానే కోట దక్షిణ ద్వారం. 14వ శతాబ్దంలో మింగ్ రాజులు కట్టించిన గోడ ఇది. ఎత్తు 12 మీటర్లు, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు. గోడ అంటే మన ప్రహరీ గోడ లాంటిది ఊహించుకోకండి. పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. సైకిళ్లు అద్దెకిస్తారు, ఇద్దరు తొక్కేవి కూడా ఉంటాయి. మా వారు, బాబు ఒక దాని మీద వెళ్లారు. పాపా, నేనూ, అత్తయ్యా బ్యాటరీ బండి ఎక్కాం. నేల అంతా పాత ఇటుకలు. సైకిల్ తొక్కినంతసేపూ చేతులు గడగడలాడుతూనే ఉంటాయని బాబు ఫిర్యాదు. నీడ అసలుండదు, కాబట్టి టోపీలు, నీళ్లు మర్చిపోకండి. చుట్టూ తిరిగే తీరాలని పంతం పట్టకండి. సైకిల్‌ని వేరే ద్వారం దగ్గర కూడా అప్పగించి దిగిపోవచ్చు. మేం అదే చేశాం.

ఇక మధ్యాహ్నం భోజనం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన నాలుకకి చైనాలో ఇంత దగ్గరి వంట నేను ఇంకెక్కడా తినలేదు. షియాన్ ఉన్న షాన్‌షీ రాష్ట్రానికి ఎనిమిది వింతలు ఉన్నాయని అక్కడివాళ్లే సరదాగా చెప్పుకుంటారు. నూడుల్స్ నడుం పట్టీ అంత వెడల్పు, ఇది ఒక వింత. కారాన్ని కూడా ఒక కూరగా లెక్కేస్తారు, ఇది ఇంకోటి. ఈ రెండోది విని మా అత్తయ్య, "ఇందులో వింతేముందే!" అన్నారు.

ఆ వెడల్పాటి నూడుల్స్ పేరు బ్యాంగ్‌బ్యాంగ్ మ్యెన్. పిండిని సాగదీస్తూ బల్ల మీద కొడితే వచ్చే చప్పుడే ఆ పేరు. ఆ పేరు రాయాలంటే యాభైకి పైగా గీతలున్న అక్షరం కావాలి. హోటల్ బోర్డు మీద ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది, ఇదిగో స్క్రీన్ మీద చూడండి. మీరు అడగాల్సింది "యౌపో" రకం. అంటే మరిగే నూనె పోసింది. వంట కనిపించే చోట కూర్చోండి. ఉడికిన నూడుల్స్ గిన్నెలో వేసి, పైన ఎండుకారం, తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు కుప్పగా పెడతారు. పొగలొచ్చే నూనె గరిటెతో తెచ్చి సరిగ్గా ఆ కుప్ప మీద పోస్తారు. చుయ్యిమని ఒక్క చప్పుడు, ఆ ఘాటుకి పక్క బల్ల వాళ్లు కూడా దగ్గుతారు. ఆవాలు, కరివేపాకు ఒక్కటే తక్కువ, లేకపోతే మన తాళింపే. రాగానే అడుగు నుంచి కలిపేయండి, ఆలస్యమైతే ముద్ద కట్టేస్తుంది. కారం మన గుంటూరు మిర్చి అంత మంటెత్తదు, వాసనే ఎక్కువ. ఆ పిండిలో సాధారణంగా గుడ్డు కలపరు. అయినా కొన్నిచోట్ల పైన పంది కీమా వేస్తారు, కాబట్టి అడిగి తీరాలి. "వో ఛ సూ" అంటే నేను శాకాహారిని అని. "న్యూరౌ" అంటే గొడ్డు మాంసం, "యాంగ్‌రౌ" అంటే మేక లేదా గొర్రె, "జూరౌ" అంటే పంది. ముందు "బు యావ్" చేర్చారంటే అది వద్దని అర్థం. నా ఉచ్చారణ వాళ్లకే అర్థం కాలేదు, మీకూ అదే అనుభవం కావచ్చు. అందుకే ఆ అక్షరాలు స్క్రీన్ మీద పెడుతున్నాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తిన్నాక పెద్ద హంస గోపురం దగ్గరికి వెళ్లండి. కట్టింది 652లో, ఇప్పుడు ఏడు అంతస్తులు. మన స్కూలు పుస్తకాల్లో చదివిన హుయాన్‌త్సాంగ్ గుర్తున్నాడా? ఆయన భారతదేశం నుంచి తీసుకెళ్లిన బౌద్ధ గ్రంథాలు దాచడానికి కట్టిన గోపురం ఇది. ఆయన మన ధాన్యకటకానికి, అంటే అమరావతికి కూడా వచ్చాడు. ఈ మాట చెప్పగానే అప్పటిదాకా కాళ్లు నొప్పులంటున్న అత్తయ్య లేచి గుడి ఆవరణంతా తిరిగారు. పైకి ఎక్కడానికి వేరే టికెట్, మేం ఎక్కలేదు.

సాయంత్రం మళ్లీ ఊరి నడిమధ్యకి, బెల్ టవర్ దగ్గరికి రండి. 1384 నాటిది. 1582లో మొత్తం విప్పి ఇప్పుడున్న చోటికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అక్కణ్ణుంచి డ్రమ్ టవర్ కింద నుంచి నడిస్తే హుయ్ ముస్లింల వీధులు. మొదట వచ్చే పెద్ద వీధి ఫొటోలకి బాగుంటుంది, తిండికి మాత్రం నాకంతగా నచ్చలేదు. పక్క సందుల్లోకి తిరగండి, ధర తక్కువ, తోపులాట తక్కువ. ఇక్కడ పంది మాంసం ఉండదు, కానీ గొడ్డు మాంసం మాత్రం ఎక్కువే. ఇందాక చెప్పిన మాటలు ఇక్కడే పనికొస్తాయి.

రాత్రికి యాంగ్‌రౌ పావ్‌మో తినండి. కూర్చోగానే ఖాళీ గిన్నె, గట్టి రొట్టెలు ముందు పెట్టి వెళ్లిపోతారు. రొట్టెని మనమే చేత్తో తుంపుకోవాలి, సెనగ గింజ అంత చిన్నగా. ముక్క పెద్దదైతే రసం లోపలికి పట్టదు. బాబు రెండు నిమిషాల్లో పెద్ద పెద్ద తునకలు చేసి "అయిపోయింది" అన్నాడు. వడ్డించే ఆవిడ గిన్నెలోకి చూసి, చేయి అడ్డంగా ఊపి, మళ్లీ వాడి ముందే పెట్టేసింది! అప్పుడు అత్తయ్య గిన్నె తన వైపు లాక్కున్నారు. "నేను తినను గానీ, తుంపి పెడతా ఇటివ్వరా" అన్నారు. బతుకమ్మకి మలీద కోసం ఏళ్లుగా రొట్టెలు నలిపిన చేతులు కదా, ఆవిడ తుంపితే ముక్కలన్నీ ఒకే కొలత. గిన్నెతో పాటు ఒక నంబరు బిళ్ల వంటింట్లోకి వెళ్తుంది. అందుకే మన గిన్నె మనకే తిరిగొస్తుంది, మటన్ రసంలో ఉడికి. పక్కన తియ్యటి వెల్లుల్లి ఊరగాయ పెడతారు, మధ్యమధ్యలో కొరుక్కోండి.

అత్తయ్యకి బయట బండి మీద జెంగావ్ దొరికింది. జిగురు బియ్యం, ఖర్జూరంలా ఉండే ఎర్ర రేగుపళ్లు, రాజ్మా పొరలు పొరలుగా వేసి ఆవిరి మీద ఉడికిస్తారు. నూనె లేదు, మాంసం లేదు. పిల్లలు పెర్సిమన్ అప్పాలు తిన్నారు. మన తునికి పండుకి దగ్గరి చుట్టం ఆ పండు. లోపలి పూర్ణంలో కొందరు కొవ్వు కలుపుతారు కాబట్టి శాకాహారులు వదిలేయడమే మంచిది. అత్తయ్య జెంగావ్ సగం తిని, మిగతా సగం పొద్దున టిఫిన్‌కి కట్టించమన్నారు. చేత్తో సైగ చేస్తే బండాయన అర్థం చేసుకుని, ఇంకో ముక్క ఊరికే వేసి కట్టాడు.