స్టాండర్డ్‌కి కూడా లైఫ్ సర్టిఫికెట్ కావాలంట

తమ్ముడు: హలో అండీ, అందరికీ నమస్తే, బెజవాడ నుంచి మళ్ళీ మేమే, అక్కా తమ్ముడూ. ఇవాళ రికార్డింగ్ లేటయింది, ఎందుకంటే మా అక్క పొద్దున్నంతా నాన్నని తీసుకుని గవర్నర్‌పేటలో బ్యాంకు దగ్గరే ఉండిపోయింది.

అక్క: నాన్న పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ రా. మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడుగుతున్నాడు, కానీ ఆ మెషీన్‌లో వేలిముద్ర పడకపోతే బతికున్నట్టు లెక్క కాదంట. నాలుగు వేళ్ళు అయ్యాక ఐదోది పడింది. అక్కడ కూర్చునే అనుకున్నా, ఇవాళ మన సబ్జెక్టు కూడా అచ్చం ఇదే కదా అని.

తమ్ముడు: ఏంటి, ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలు కూడా బ్యాంకుకెళ్ళి వేలిముద్ర వేస్తాయా?

అక్క: లాంగ్వేజ్ కాదు, దాని స్టాండర్డ్. అంటే ఆ లాంగ్వేజ్ ఎలా ఉండాలో రాసిన రూల్స్ పుస్తకం అనుకో. ఐఎస్ఓ అని అంతర్జాతీయ స్టాండర్డ్స్ సంస్థ ఉంది, వాళ్ళు స్టాండర్డ్ అచ్చేసి ఊరుకోరు, ఐదేళ్ళకోసారైనా రివ్యూకి పెడతారు, సభ్య దేశాలన్నీ ఓటేస్తాయి, ఉన్నది ఉన్నట్టు ఉంచుదామా, మారుద్దామా, తీసేద్దామా అని. ఐఎస్ఓలో మన దేశం తరఫున ఉండేది బీఐఎస్, అదే హెల్మెట్ మీద ఐఎస్ఐ మార్కు వేస్తారే, వాళ్ళే.

తమ్ముడు: హెల్మెట్ వాళ్ళా! సరే, మరి ఎవరూ పట్టించుకోకపోతే?

అక్క: అమెరికాలో ఆన్సీ అని స్టాండర్డ్స్ సంస్థ ఉంది కదా, అక్కడ రూల్ ఇంకా గట్టిది. ఐదేళ్ళకి రివ్యూ, పదేళ్ళు దాటినా ఎవరూ ఏమీ చెయ్యకపోతే దానంతట అదే రద్దయిపోద్ది. నాకు ఇందులో బాగా నచ్చే కథ కామన్ లిస్ప్ అనే పాత లాంగ్వేజ్‌ది. ఎక్స్3జే13 అని ఒక కమిటీ 1986లో మొదలెడితే స్టాండర్డ్ బయటికొచ్చింది 1994లో, వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. ఆ తర్వాత ఇంతవరకూ అందులో ఒక్క కొత్త ఫీచర్ కూడా చేరలా. కానీ చావలేదు. దాని నంబర్ చూడు, 226-1994, పక్కన ఒకప్పుడు బ్రాకెట్‌లో ఆర్1999 అని ఉండేది, ఆర్ అంటే రీఅఫర్మ్, నాన్న వేలిముద్ర లాంటిదే, ఇంకా ఉన్నాను బాబోయ్ అని. ఇప్పుడు అక్కడ ఎస్2018 అని ఉంది.

తమ్ముడు: ఎస్ అంటే?

అక్క: స్టెబిలైజ్డ్. ఇది ముదిరిన టెక్నాలజీ, ఇక మార్పులు రావు, కానీ వాడేవాళ్ళున్నారు కాబట్టి తీసెయ్యొద్దు అని. ఐదేళ్ళ గొడవ ఉండదు, పదేళ్ళకోసారి చూస్తే చాలు.

తమ్ముడు: అక్కా, నన్నడిగితే అది చచ్చినట్టే. 1994 తర్వాత మార్పు లేకపోవడం ఏంటి, నేను పుట్టకముందు సంగతి.

అక్క: నువ్వు పుట్టాక మాత్రం ఏం మారావు రా. లేదు, సీరియస్‌గా చెప్తున్నా విను, అందులో ఒకేసారి పలు పనులు నడిపే థ్రెడ్స్ లేవు, వేరే కంప్యూటర్‌తో మాట్లాడే నెట్‌వర్క్ సాకెట్స్ లేవు, నిజమే. అవి కావాలంటే మళ్ళీ కమిటీ కూర్చోవాలి, ఏళ్ళు పడుతుంది, ఒకసారి తలుపు తీశాక ఎవడు ఏం పట్టుకొస్తాడో తెలీదు, పాత కోడ్ పగిలిపోవచ్చు. అందుకే అవన్నీ లైబ్రరీల్లో, అంటే విడిగా తగిలించుకునే కోడ్‌లో, పెట్టుకుని పుస్తకం జోలికి వెళ్ళకుండా వదిలేశారు. నాకైతే అది తెలివైన పనే అనిపిస్తుంది, అప్పట్లో స్టాండర్డ్ ప్రకారం శుభ్రంగా రాసిన ప్రోగ్రామ్ ఇవాళ కూడా నడుస్తుంది, అది చిన్న విషయం కాదు. రూబీ అని ఇంకో లాంగ్వేజ్ చూడు, 2012లో ఐఎస్ఓ స్టాండర్డ్ వచ్చింది, అది రూబీ 1.8, 1.9 వెర్షన్ల నాటి మాట. లాంగ్వేజ్ ఎక్కడికో వెళ్ళిపోయింది, పుస్తకం మాత్రం అక్కడే ఉంది. రూబీ రాసేవాడు ఎవడైనా ఆ పుస్తకం తెరిచాడంటే నేను నమ్మను.

తమ్ముడు: అంటే ఒకచోట పుస్తకం ఆగినా పనికొస్తోంది, ఇంకోచోట పుస్తకం ఉన్నా ఎవడూ చూడట్లా. మరి మా ల్యాబ్ సంగతేంటి?

అక్క: ఆ, చెప్పు చెప్పు, అది వినాలి అందరూ.

తమ్ముడు: గుంటూరు వైపు ఒక కాలేజీ అండీ, పేరొద్దు. ల్యాబ్‌లో ఆ నీలం స్క్రీన్ టర్బో సీ కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది, అదీ పాత డాస్ ప్రోగ్రామ్‌లు నడిపే డాస్‌బాక్స్‌లో. ప్రతి ప్రోగ్రామ్‌లో క్లియర్‌స్క్రీన్, వాయిడ్ మెయిన్, చివర్లో గెట్‌సీహెచ్. నేను ఇంట్ మెయిన్ అని రాస్తే రికార్డులో ఎర్ర ఇంకుతో కొట్టేశారు!

అక్క: మీరు టర్బో సీ అని పిలిచే ఆ టర్బో సీ ప్లస్ ప్లస్ 3 వచ్చింది 1990ల మొదట్లో. సీ ప్లస్ ప్లస్‌కి మొదటి ఐఎస్ఓ స్టాండర్డ్ 1998. అంటే మీరు స్టాండర్డ్ పుట్టకముందు లాంగ్వేజ్ మీద పరీక్ష రాశారు. ప్రోగ్రామ్ మొదట్లో ఐఓస్ట్రీమ్ పక్కన డాట్ హెచ్ పెడతారు చూడు, అది ఏ స్టాండర్డ్‌లోనూ లేదు. వాయిడ్ మెయిన్ అయితే సీలో, కంపైలర్ ఒప్పుకుంటే పోనీలే అనే సందు ఒకటుంది, సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం మెయిన్ ఇంటే, అంటే ఒక పూర్ణాంకమే, ఇవ్వాలి.

తమ్ముడు: అయితే నా మార్కులు?

అక్క: పోయినట్టే. ఇంకో తమాషా, సీకి 1990, 1999, 2011, 2018, 2024 ఇలా కొత్త ఎడిషన్లు వచ్చాయి, కొత్తది రాగానే ఐఎస్ఓ లెక్కలో పాతది విత్‌డ్రా. కానీ జీసీసీ అనే కంపైలర్‌లో సీ89 మోడ్, అంటే ఆ మొదటి ఎడిషన్ నాటి సీ, ఇప్పటికీ ఉంది, పాత కోడ్ హాయిగా కంపైల్ అవుద్ది. పేపర్ మీద రద్దు, ఫీల్డులో డ్యూటీ. నిజంగా తీసేసినవీ ఉన్నాయి, టైప్ చేసిన లైన్ చదివే గెట్స్ ఫంక్షన్‌ని సీ11లో, అంటే 2011 ఎడిషన్‌లో, పీకేశారు, ఎంత పెద్ద లైన్ టైప్ చేసినా ఆపకుండా మెమరీ మీద రాసేసేది కదా, దాన్ని ఎలా వాడినా ప్రమాదమే.

తమ్ముడు: మా రికార్డులో ఆరో ప్రోగ్రామ్‌లో గెట్స్ ఉంది అక్కా.

అక్క: ఉంటుంది, ఎందుకుండదు.

తమ్ముడు: పైథాన్‌కి ఈ తలనొప్పి లేదు కదా?

అక్క: ఐఎస్ఓ స్టాండర్డే లేదు, ఇక రెన్యువల్ ఏంటి. పైథాన్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్ సీపైథాన్ ఏం చేస్తే అదే రూలు, మార్పు కావాలంటే పెప్ అనే ప్రతిపాదన రాయాలి. జావాని కూడా దాన్ని తయారుచేసిన సన్ కంపెనీ వాళ్ళు ఐఎస్ఓకి పట్టుకెళ్ళారు, తర్వాత ఎక్మా అనే ఇంకో స్టాండర్డ్స్ సంస్థకి వెళ్ళారు, 1999లో అక్కడి నుంచీ వెనక్కి తెచ్చేసుకున్నారు. పగ్గాలు వదలడం ఇష్టం లేక అనుకుంటా, అది నా అభిప్రాయం. అయినా జావాకి ఏమైంది, ఐటీ పార్కుల్లో సగం మందికి అన్నం పెడుతోంది. కోబాల్ అనే పాత లాంగ్వేజ్‌కి అయితే 1985 ఎడిషన్ తర్వాత మళ్ళీ 2002 దాకా పూర్తి కొత్త ఎడిషన్ లేదు, పదిహేడేళ్ళు, తర్వాత 2014, 2023.

తమ్ముడు: కోబాల్‌కి 2023లో కొత్త ఎడిషనా! ఎవరు కూర్చుంటారక్కా దీనికి, ఇంత ఓపికగా?

అక్క: ఐఎస్ఓ వాళ్ళకి జీతమిచ్చి కూర్చోబెట్టరు రా. కంపైలర్ కంపెనీలు పంపినవాళ్ళు కొందరు, సొంత ఇష్టంతో వచ్చేవాళ్ళు కొందరు. వాళ్ళు రావడం మానేసిన రోజున ఏ రూలూ ఏం చెయ్యలేదు, మన ఇంటి నుంచి ఎవరూ తీసుకెళ్ళకపోతే నాన్న పెన్షన్ ఆగినట్టే. ఒరేయ్ ఉండు, ఫోన్ మోగుతోంది, బ్యాంకు నుంచే.

తమ్ముడు: ఏమంటున్నారు?

అక్క: ఐదో వేలు కూడా సరిగ్గా ఎక్కలేదంట, రేపు మళ్ళీ రమ్మంటున్నారు.