ఒరెస్టెస్ అబద్ధం, వయోలాల సాక్ష్యం

అధ్యక్షులకు, పెద్దలకు, నాటక మిత్రులకు నమస్కారం. నా పరిచయానికే చాలా సమయం పట్టింది కాబట్టి నేరుగా పారిస్ వెళ్లిపోదాం.

గ్రీకు విషాదాంతాల మీద వచ్చిన ఫ్రెంచి ఆపెరాల గురించి, అంటే పాడుతూ ఆడే సంగీత నాటకాల గురించి, మాట్లాడమన్నారు. నాకు ఒక్కటి చాలు, ‘ఇఫిజెనీ ఆన్ తోరిద్’, అంటే ‘తోరిద్‌లో ఇఫిజెనీ’. 1779 మే 18న పారిస్‌లో తొలి ప్రదర్శన. కథకు మూలం గ్రీకు నాటకకర్త యురిపిడీస్. ఫ్రెంచి పాఠం గియార్‌ది. సంగీతం గ్లుక్‌ది, ఆయనేమో బవేరియాలో పుట్టినవాడు! ఇదే కథతో ఇటలీ స్వరకర్త పిచ్చిన్ని 1781లో పోటీకి దిగాడు. రెండో ప్రదర్శనకే కథానాయిక తాగి రంగమెక్కిందట. ‘షాంపేన్‌లో ఇఫిజెనీ’ అని ఊరంతా నవ్వుకుంది. ఆ తగాదా మీద నాలుగు పేజీలు రాసుకొచ్చాను, చదవను.

రెండో అంకం చూడండి. తండ్రి హత్యకు పగగా కన్నతల్లిని చంపిన ఒరెస్టెస్ పరాయి తీరంలో బందీ. ప్రాణమిత్రుణ్ణి భటులు లాక్కుపోయారు. ఒంటరివాడై, ‘నా గుండెకు మళ్లీ ప్రశాంతత వస్తోంది’ అని పాడతాడు. గొంతు నిదానంగానే ఉంటుంది. కింద వయోలాలు, వయొలిన్‌కు కాస్త పెద్దక్కలు, మాత్రం తాళానికి ఎదురు కొడుతూ ఒక్క క్షణం ఊరుకోవు. ఇదేమిటని అడిగితే గ్లుక్ అన్నాడట: ‘అబద్ధమాడుతున్నాడు. తల్లిని చంపాడు వాడు!’

తల్లిని చంపాడు వాడు. పాత్ర దాచింది, వాద్యం బయటపెట్టింది. కాసేపటికి నిద్రలో ప్రతీకార దేవతలు చుట్టుముట్టి అదే మాట అరుస్తారు. అప్పటికే మనకు తెలుసు, వయోలాలు చెప్పేశాయి కదా!

అయ్యా, నేను నాటకాలకు వయొలిన్ వాయించి బతికినవాణ్ణి. నటుడు ఏడిస్తే ఏడుపు, నవ్వితే నవ్వు వాయించమనేవారు. అదైనా నయం. ఇప్పుడు రికార్డు చేసిన సంగీతం, దానికో మీట. మొన్న ఒక పోటీలో కొడుకు శవం ముందు తండ్రి పాత్రధారి మాట రాక నిలబడిపోయాడు. అద్భుతంగా నిలబడ్డాడు. రికార్డుకు ఆ సంగతేం తెలుసు? ఆయన నోరు విప్పేలోపే ఏడుపు రాగం అయిపోయి, తర్వాతి రంగం పెళ్లి మేళం మోగింది. జనం నవ్వారు. ఆ నటుడి మొహం చూడలేకపోయాను.

వెనక వరసలో తబలా, హార్మోనియం వాళ్లున్నారు. నాయనా, ఒకసారి లేచి నిలబడండి. పోటీల నిర్వాహకులు ముందు వరసలోనే ఉన్నారు. ప్రతి నాటకానికీ ఇద్దరు వాద్యకారుల దారిఖర్చు మీరు భరిస్తారా, లేదా? జవాబు మైకులో చెప్పండి, నేను కూర్చుంటాను.