వెనక్కి వెళ్లిన తాడు ఎవరు చూస్తారు? ఫ్లై ఫిషింగ్‌లో ఆడవాళ్ల స్నేహాల సంగతి

అందరికీ నమస్కారం. ఇవాళ వీడియో కొంచెం కోపంతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

ఫ్లై ఫిషింగ్ అంటే ఈకలతో చేసిన ఉత్తుత్తి పురుగుని ఎరగా కట్టి, తాడు విసిరి చేపలు పట్టడం. దాని వల్ల స్నేహితులైన ఆడవాళ్ల గురించి ఎవరితో అన్నా రెండే జవాబులు వస్తాయి. ఒకటి, "చేపలు పట్టడమంటే గట్టు మీద కూర్చుని బెండు వైపు చూడటమే కదా, నోరు విప్పితే చేప పారిపోదూ, అందులో స్నేహమేంటి?" అని. రెండోది, "ఆడవాళ్లు కదా, ఎక్కడికెళ్లినా కబుర్లే" అని ఒక నవ్వు. మొదటిదానికి జవాబు తేలిక. గట్టు మీద మనం మాట్లాడే మాట గాల్లోంచి నీళ్లలోకి దాదాపు దిగదు. చేపను బెదరగొట్టేది అడుగుల అదురు, మన నీడ. కాబట్టి మాట్లాడుకోండి, గెంతకండి.

నాకు ఒళ్లు మండేది రెండోదానికి. ఆ స్నేహాలు కబుర్ల వల్ల రాలేదు. ఆ పని చేసే పద్ధతిలోనే ఇంకో మనిషి అవసరం ఉంది. అదెలాగో చూపించడానికే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: చర్నాకోల బొమ్మ]

ఎడ్లబండి తోలేవాళ్ల చేతిలో చర్నాకోల చూసే ఉంటారు, సినిమాలోనైనా. ఒక కర్ర, దాని చివర తోలు పట్టీ. ఇది గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీంతోనే నడిపిస్తాను.

మామూలు గాలానికి చివర బరువుంటుంది, సీసం గుండో ఇంకేదో. విసిరితే ఆ బరువు ముందుకెళ్తూ దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో చివర ఏ బరువూ లేదు. ఉన్నదల్లా చిన్న కొక్కానికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులా చేసిన ఫ్లై. దాన్ని చేత్తో గట్టిగా విసిరి చూడండి, మీ కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని ఇక్కడ బరువంతా తాడులోనే పెట్టారు. ట్రౌట్ చేపలకి ఎక్కువమంది వాడే ఐదో నంబరు లైనులో (ఈ తాడునే లైను అంటారు, బరువుని బట్టి నంబరు) మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. ఆ 9 గ్రాములే రాడ్‌ని, అంటే గాలం కర్రని, వంచుతాయి, ఫ్లైని మోసుకెళ్తాయి. అంటే అచ్చంగా చర్నాకోలే: కర్ర ఆగుతుంది, పట్టీ సాగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. తాడు ముందుకు వెళ్లాలంటే ముందు వెనక్కి వెళ్లాలి. రాడ్‌ని పైకి లేపి, టక్కున ఆపాలి, మీ వెనకాల ఆ తాడు మడత విప్పుకుంటూ పూర్తిగా చాపుకునేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు ముందుకి. తొందరపడితే ఏమవుతుంది? ఛెళ్లుమంటుంది. బండి తోలేవాడికి కావలసింది ఆ చప్పుడే. మనకి మాత్రం ఆ చప్పుడు వచ్చిందంటే ఫ్లై తెగి ఏ గడ్డిలోనో పడిందని అర్థం. ఆలస్యం చేస్తే తాడు వెనక పొదల్లో చిక్కుకుంటుంది. మణికట్టు మరీ వెనక్కి వాల్చేస్తే తాడు నేలకి కొట్టుకుంటుంది.

చూశారా, తప్పులన్నీ జరిగేది వీపు వెనక. ముందు మీకు కనిపించేది ఫలితమే: తాడు ముద్దగా నీళ్ల మీద పడటం. తల తిప్పి చూడొచ్చు, నేర్పేవాళ్లు చూడమనే చెబుతారు కూడా, కానీ మొదట్లో తలతో పాటు భుజం తిరుగుతుంది, భుజంతో పాటు తాడు పక్కకు పోతుంది. అందుకని కాస్త పక్కగా ఇంకో మనిషి నిలబడి "ఇంకా సాగలేదు, ఆగు... ఆగు... ఇప్పుడు" అనాలి. ఆ "ఇప్పుడు" అనే మనిషి మీద మీకు నమ్మకం కుదరాలి, ఎందుకంటే ఆవిడ చూస్తున్నది మీకు కనిపించదు. తర్వాత మీరు ఆవిడ వెనక నిలబడతారు. గంటసేపు ఇలా మార్చిమార్చి చేశాక పేరు, ఊరు, ఉద్యోగం అడగకుండానే ఒకరి ఓపిక ఎంతో, తొందర ఎంతో ఇంకొకరికి తెలిసిపోతుంది. నా లెక్కలో స్నేహమంటే సగం అదే.

(భర్తలు నేర్పిస్తే ఏమవుతుందని అడుగుతారు. నేర్పించనివ్వండి, తర్వాత ఇంటికెళ్లేదాకా కారులో ఎవరూ మాట్లాడుకోరు. ఇది నా అభిప్రాయం మాత్రమే.)

ఇక చరిత్ర. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండలు ట్రౌట్ వాగులకి పేరు మోసినవి: బీవర్‌కిల్, విల్లోవీమాక్, నెవర్‌సింక్. న్యూయార్క్ ఆంగ్లర్స్ క్లబ్ అప్పట్లో పూర్తిగా మగవాళ్లది. 1932లో కొందరు ఆడవాళ్లు కలిసి సొంతంగా ఉమన్ ఫ్లైఫిషర్స్ క్లబ్ పెట్టుకున్నారు. ఆ దేశంలో ఆడవాళ్లకంటూ వచ్చిన మొదటి ఫ్లై ఫిషింగ్ క్లబ్ అదే. మొదటి అధ్యక్షురాలు జూలియా ఫెయిర్‌చైల్డ్. దాదాపు 40 ఏళ్లు ఆవిడే నడిపించారు. 1932 అంటే అక్కడ ఆర్థిక మాంద్యం బాగా ముదిరిన కాలం. వీళ్లు డబ్బున్న ఇళ్లవాళ్లే, దాచాల్సిన పనేం లేదు, పేదరాలు వారాంతంలో వాగు దగ్గరికి వెళ్లగలిగే రోజులు కావవి. అయినా క్లబ్బులు పుట్టడం, రెండేళ్లకి మూతపడటం మనకి తెలియనిదా? ఇది దశాబ్దాల పాటు నిలబడింది. నన్నడిగితే, అక్కడ ఒకరికొకరు పని పడటమే దానికి కారణం.

"చర్నాకోల తిప్పాలంటే బలం కావాలి కదా" అనేవాళ్ల కోసం జోన్ వుల్ఫ్ గురించి చెప్పి తీరాలి. 1926లో న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో పుట్టారు. అవును, మనవాళ్లు బోలెడంతమంది ఉన్న న్యూజెర్సీయే. 1943 నుంచి 1960 మధ్యలో కాస్టింగ్, అంటే తాడు విసిరే పోటీల్లో 17 జాతీయ టైటిళ్లు గెలిచారు. 1951లో దూరం విసిరే పోటీలో ఎదురుగా ఉన్నవాళ్లంతా మగవాళ్లే, గెలిచింది ఈవిడ. 1960లో ఏకంగా 161 అడుగులు విసిరారు, అంటే సుమారు 49 మీటర్లు. బలంతో కాదు, ఎక్కడ ఆపాలో తెలియడం వల్ల. కర్ర టక్కున ఆగితేనే పట్టీకి వేగం వస్తుంది, కండ పెట్టి తోసేవాడు ఆపలేడు. 1979లో భర్త లీ వుల్ఫ్‌తో కలిసి క్యాట్‌స్కిల్స్‌లోనే నేర్పే బడి పెట్టారు, తర్వాత కాస్టింగ్‌లో ఏ కదలిక ఎందుకో విడమరిచి పుస్తకం రాశారు. అంతకుముందు చాలామంది "ఇలా చెయ్యి" అని చూపించి వదిలేసేవారు. ఈవిడ ప్రతి ముక్కకీ ఒక పేరు పెట్టారు కాబట్టే ఇవాళ వెనక నిలబడిన స్నేహితురాలు "బాలేదు" అని ఊరుకోకుండా ఏది బాలేదో చెప్పగలుగుతోంది.

టైం అయిపోతోంది, కానీ ఇది వదిలేస్తే వీడియో చేసి దండగ. 1996లో వెర్మాంట్ రాష్ట్రంలో డాక్టర్ బెనీటా వాల్టన్ అనే సర్జన్, గ్వెన్ పెర్కిన్స్ బోగర్ట్ అనే ఫ్లై ఫిషింగ్ నిపుణురాలు కలిసి కాస్టింగ్ ఫర్ రికవరీ మొదలుపెట్టారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకి రెండున్నర రోజుల శిబిరం, పైసా తీసుకోరు. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక భుజం, చెయ్యి బిగుసుకుపోతాయి. వాటిని సాగదీయడానికి చేయించే వ్యాయామాలకీ, చర్నాకోలని నెమ్మదిగా లేపి ఆపి వదిలే ఈ కదలికకీ దగ్గర పోలిక ఉంది. అదీ అక్కడి లాజిక్. చివరి రోజు ఒక్కొక్కరి పక్కనా ఒక్కో సహాయకురాలో సహాయకుడో నీళ్లలో నిలబడతారు. గుండ్రంగా కుర్చీలేసి "మీ బాధ చెప్పండి" అంటే నోరు పెగలనివాళ్లు కూడా, ఇద్దరూ ఒకే వైపు నీళ్లకేసి చూస్తూ చేతులకి పని ఉన్నప్పుడు మాట్లాడగలుగుతారని నేను గట్టిగా నమ్ముతాను.

మిగతావి గబగబా. వాగులో దిగేటప్పుడు వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు తొడుగు) వేసుకుంటే నడుముకి బెల్టు తప్పనిసరి, పడితే లోపలికి నీళ్లు నిండకుండా. ప్రవాహంలో ఇద్దరు భుజాలు పట్టుకుని దాటడం ఒక్కరు దాటడం కంటే క్షేమం, ఇదిగో ఇంకో మనిషి మళ్లీ అవసరమైంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు ఎడిసన్ నుంచి రెండు రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే క్యాట్‌స్కిల్స్, పదహారు దాటినవాళ్లకి న్యూయార్క్ రాష్ట్రం ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. ఇండియాలో అయితే హిమాచల్‌లో తీర్థన్ వాగు, అక్కడా మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి. మన గోదావరిలో ట్రౌట్ ఉండదు, అడగకండి, దానికి చల్లటి నీళ్లు కావాలి. కాస్టింగ్ సాధన మాత్రం ఏ మైదానంలోనైనా చేసుకోవచ్చు, కొక్కెం బదులు చిన్న ఊలు ముక్క కట్టుకోండి.

నిజంగా కొక్కెం కట్టాక మాత్రం కళ్లద్దాలు పెట్టుకోండి. వెనక నిలబడి "ఇప్పుడు" అనే ఆవిడ కూడా పెట్టుకోవాలి, సరిగ్గా వెనక కాకుండా రాడ్ లేని చేతి వైపు జరిగి నిలబడాలి. ఫ్లైలు కట్టడం గురించి వచ్చే వీడియోలో.